నేలమీద చుక్క పడని లీకు

2022 మే నెలలో మా మనవడి పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుపతి వెళ్ళాం. బెంగళూరు నుంచి కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా వెళ్ళే దారి మా కుటుంబానికి కొత్తది కాదు. మా తాతగారు చిత్తూరు జిల్లాలోని పల్లె వదిలి కోలారు బంగారు గనుల్లో పనికి వచ్చింది ఈ దారినే. మా నాన్నగారూ ఆ గనుల్లోనే పనిచేశారు. నేను ఉద్యోగం వెతుక్కుంటూ బెంగళూరు చేరాను. మూడు తరాలుగా పెళ్ళికైనా, చావుకైనా, మొక్కుకైనా ఈ దారమ్మటే రాకపోకలు.

వెళ్ళేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. మొక్కు తీరింది, దర్శనమూ అయింది. మర్నాడు మధ్యాహ్నం ఎండలో తిరుగు ప్రయాణమయ్యాం. కారు నడుపుతున్నది మా అబ్బాయి. పక్కన నేను. వెనక మా ఆవిడ, మా అమ్మాయి, ఆమె ఒళ్ళో బోడిగుండుతో మనవడు. బంగారుపాళెం దాటి మొగిలి ఘాటు ఎక్కుతుండగా ఇంజను ఒక్కసారి గట్టిగా అరిచింది. అరుపే తప్ప కారు మాత్రం ముందుకు ఊపందుకోలేదు. అబ్బాయి యాక్సిలరేటరు వదిలి మళ్ళీ తొక్కాడు. ఈసారి వెనకనుంచి ఎవరో గుద్దినట్టు కుదుపు వచ్చింది. పిల్లవాడు ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నాడు. ఎలాగో రోడ్డు పక్కకు తీసి ఆపాం.

ఆ ఎండలో రోడ్డు పక్కన నిలబడి నేను మా అబ్బాయిని అన్న మాటలు ఇక్కడ రాయను. సారాంశం ఒక్కటే: "పాత కారు కొనొద్దంటే విన్నావు కాదు."

ఆ కారు సంగతి చెప్పాలి. 2018లో నా ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. క్లచ్చి తొక్కే బండి ఇక వద్దని డాక్టరుగారు చెప్పారు. కారు లేకుండా ఇంట్లో కూర్చోవడం నాకు చేతకాదని తెలిసి మా అబ్బాయి 2019లో తను దాచుకున్న డబ్బుతో ఆటోమేటిక్ గేర్లున్న 2010 మోడల్ పెట్రోలు కారు ఒకటి కొని తెచ్చాడు. నాకోసం కొన్న కారు అది. ఆ సంగతి ఘాటురోడ్డు మీద నాకు గుర్తు రాలేదు.

తాడు కట్టి లాగొద్దన్నాడు

ఆగిన లారీవాళ్ళు మంచివాళ్ళు. "తాడు కట్టి పలమనేరు దాకా లాక్కుపోతాం సార్" అన్నారు. నేను సరేనన్నాను. అబ్బాయి ఒప్పుకోలేదు. ఫోను చేసి, చదునైన బల్ల ఉన్న లారీ పిలిపించి, నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా కారును దానిమీదికి ఎక్కించాడు. మేం బస్సులో ఇల్లు చేరాం. దండగ ఖర్చని నేను దారిపొడుగునా సణుగుతూనే ఉన్నాను.

అది దండగ కాదని తర్వాత తెలిసింది. ఆటోమేటిక్ గేర్ బాక్సులో నూనెను అన్ని భాగాలకూ పంపే పంపు ఇంజను తిరిగితేనే తిరుగుతుంది. ఇంజను ఆపి, నడిపే చక్రాలు నేలమీద ఉండగా బండిని లాగితే లోపలి భాగాలు నూనె అందకుండా ఒరుసుకుంటాయి. ఉన్న జబ్బుకు కొత్త జబ్బు తోడవుతుంది. ఆటోమేటిక్ కారు ఉన్నవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుంటే చాలు, ఈ వ్యాసం రాసిన కష్టం నాకు దక్కినట్టే.

మర్నాడు కారును ఒక వర్క్‌షాపులో దింపించాం. వాళ్ళు పావుగంట చూసి, "గేర్ బాక్సు పోయింది. విప్పి మొత్తం ఓవర్‌హాల్ చేయాలి. 1,60,000 అవుతుంది" అన్నారు. ఆ కారు అమ్మితే మూడు లక్షలు రావడమే కష్టం. ఇంట్లో మళ్ళీ గొడవ. మా అమ్మాయి ఊరుకోమన్నా నేను ఊరుకోలేదు. అబ్బాయి మాత్రం ఎదురు మాట్లాడలేదు. "ఇంకొకరికి చూపించి అప్పుడు తేల్చుకుందాం నాన్నా" అన్నాడు అంతే.

బండి కింద తడి ఉండిందా?

బెంగళూరులో కారు సామాన్లంటే జె.సి. రోడ్డు. ఆ వీధికి దగ్గరలో ఒక సందులో రేడియేటర్లు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడని అబ్బాయి స్నేహితుడు చెప్పాడు. "గేర్ బాక్సు పోతే రేడియేటర్ మేస్త్రి దగ్గరికెందుకురా?" అన్నాను. "కూలెంటు బాటిల్‌లో ఏదో తేడాగా ఉంది నాన్నా, అందుకే" అన్నాడు.

మేస్త్రికి డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి. మాది కోలారు గనుల కుటుంబమని తెలియగానే ఆయన ముఖం విప్పారింది. చిన్నప్పుడు రాబర్ట్‌సన్‌పేటలో ఒక షెడ్డులో పని నేర్చుకున్నాడట. అంబాసిడర్ కార్ల కాలంలో రేడియేటర్లన్నీ రాగి, ఇత్తడివే. ఎక్కడ కారినా తగరం కరిగించి అతుకు వేస్తే మళ్ళీ ఏళ్ళ తరబడి నడిచేవి. "ఇప్పుడంతా అల్యూమినియం, ప్లాస్టిక్కు. అతుకు నిలబడదు" అన్నాడు.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న గేర్ బాక్సు గురించి కాదు.

"బాటిల్‌లో నీళ్ళు తగ్గతా ఉండెనా సార్?"

తగ్గుతూ ఉండేవన్నాను.

"బండి కింద తడి ఉండిందా?"

లేదన్నాను. నేలమీద చుక్క కూడా పడలేదు. అదే నాకు ధైర్యం. లీకు లేదు, ఎండాకాలం కదా, ఆవిరైపోతున్నాయి అనుకున్నాను.

"మూత బిగిచ్చిన బండిలో నీళ్ళు ఊరికే ఆవిరైపోవు సార్. బయటికి రాలేదంటే లోపలికి పోయినట్టే. యాడికి పోయినాయో చూస్తాం ఉండండి" అన్నాడు.

మూడు చోట్ల చూశాడు

బండి పూర్తిగా చల్లారి ఉంది కాబట్టి ముందు కూలెంటు బాటిల్ మూత తీశాడు. వేడిగా ఉన్నప్పుడు ఈ పని ఎవరూ చేయకండి. లోపల ఒత్తిడి వల్ల నీరు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒక్కసారిగా పైకి ఎగజిమ్మి ముఖం కాలుస్తుంది. మూత లోపలివైపు గోధుమ, గులాబి రంగులు కలిసిన మీగడలాంటి జిడ్డు పేరుకుని ఉంది. వేలితో తీసి నాకు చూపించాడు. నీళ్ళలో నూనె కలిసింది.

నీళ్ళలో నూనె కనిపిస్తే మామూలుగా అందరూ మొదట అనుమానించేది ఇంజను హెడ్ గాస్కెట్‌ను. అందుకని రెండోసారి ఇంజనాయిల్ చూసే పుల్ల లాగాడు. నూనె నల్లగా, శుభ్రంగా ఉంది. నీళ్ళు కలిసి ఉంటే పాలు పోసిన కాఫీలా మారేది. పొగగొట్టంలో తెల్లపొగ రావడంలేదు, ఇంజను వేడెక్కిన దాఖలా లేదు. గాస్కెట్ మీద అనుమానం చాలావరకు పోయింది.

మూడోది గేర్ బాక్సు నూనె పుల్ల. మా కారుకు అది ఉంది. ఈమధ్య వస్తున్న చాలా కార్లకు ఉండదు, కింద ఉన్న బిరడా విప్పి చూడాలి. ఆ నూనె మామూలుగా ఎర్రగా, అద్దంలా తేటగా ఉండాలి. పుల్ల బయటికి తీస్తే అచ్చం రోజ్ మిల్క్. అంతేకాదు, మట్టం ఉండవలసిన గీత కంటే పైకి ఉంది. గేర్ బాక్సులోకి నూనె ఎవరూ పోయలేదు. మరి మట్టం ఎలా పెరిగింది? నేను పోసిన నీళ్ళు అక్కడికి చేరాయన్నమాట!

నూనె, నీళ్ళు ఎక్కడ కలుస్తాయి?

ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. మీలోనూ చాలామందికి తెలిసి ఉండదనే వివరంగా రాస్తున్నాను.

మామూలు గేర్ల బండిలో ఇంజనుకూ గేర్ బాక్సుకూ మధ్య క్లచ్చి పళ్ళెం ఉంటుంది. మా కారులాంటి ఆటోమేటిక్‌లో దాని బదులు టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఒక గిన్నెలో ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి మధ్యలో నూనె నింపినట్టు ఊహించుకోండి. ఒక ఫ్యాను తిరిగితే నూనె వెళ్ళి రెండోదాన్ని తిప్పుతుంది. ఇలా నూనె చిలకబడటం వల్ల బాగా వేడెక్కుతుంది. ఘాటు ఎక్కేటప్పుడు, ట్రాఫిక్‌లో ఆగి ఆగి కదిలేటప్పుడు ఆ వేడి మరీ ఎక్కువ.

ఆ వేడి తగ్గించడానికి నూనెను రెండు గొట్టాల ద్వారా ముందున్న రేడియేటర్ దాకా పంపుతారు. రేడియేటర్ తొట్టి లోపల, నీళ్ళలో మునిగి, ఇంకో చిన్న గొట్టం ఉంటుంది. దాన్నే ట్రాన్స్‌మిషన్ కూలర్ అంటారు. నూనె దాని లోపల పారుతుంది, చుట్టూ ఉన్న కూలెంటు దాని వేడి లాక్కుంటుంది. రెండింటికీ మధ్య ఉన్నది పలచటి లోహపు గోడ ఒక్కటే. ఆ గోడకు చిల్లు పడితే బయటికి చుక్క కూడా రాదు. లోపల్లోపలే రెండూ కలిసిపోతాయి.

మేస్త్రి చెప్పినది ఇది: "బండి నడిచేటప్పుడు నూనెకి ఒత్తిడి జాస్తి. నూనె నీళ్ళలోకి వస్తాది. బండి ఆపినాక పంపు నిలిచిపోతాది కదా, నూనెకి ఒత్తిడి ఉండదు. నీళ్ళకి మాత్రం వేడి ఉండేంతసేపూ ఒత్తిడి ఉంటాది. అప్పుడు నీళ్ళు నూనెలోకి పోతాయి. రోజూ ఇదే పని."

రేడియేటర్ మూతల మీద 0.9 అనో, 1.1 అనో రాసి ఉండటం మీరు చూసే ఉంటారు. అది ఆ మూత ఆపి ఉంచే ఒత్తిడి. సుమారుగా మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి అదనంగా మరో అంత. ఆ ఒత్తిడే, ఇంజను ఆపిన తర్వాత కారు మా ఇంటిముందు చల్లారుతున్నంతసేపూ నీళ్ళను గేర్ బాక్సులోకి నెట్టింది.

నీళ్ళు అక్కడికి చేరితే ఏమవుతుంది? గేర్ బాక్సు లోపల గుండ్రటి ఉక్కు పళ్ళేలుంటాయి. వాటికి రెండువైపులా గట్టి కాగితంలాంటి పదార్థం జిగురుతో అతికించి ఉంటుంది. పళ్ళేలు పట్టుకుంటేనే గేరు పడుతుంది. నీళ్ళు, కూలెంటులో ఉండే గ్లైకాల్ తగిలితే ఆ కాగితం ఉబ్బుతుంది, జిగురు వదులుతుంది. పట్టు జారుతుంది. మొగిలి ఘాటు మీద ఇంజను అరిచి కారు కదలకపోవడం ఇందువల్లే. పూర్తిగా ఊడి పేళ్ళుగా రాలిందంటే ఇక గేర్ బాక్సు విప్పవలసిందే. అందుకే ఈ జబ్బు తెలిశాక ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు.

సైకిలు ట్యూబు పరీక్ష

"అనుమానం చాలదు, చిల్లు చూపిస్తా" అని మేస్త్రి రేడియేటర్ విప్పించాడు. కూలర్‌కు ఉన్న రెండు మూతుల్లో ఒకటి బిరడాతో మూశాడు. రెండోదానికి గాలిగొట్టం తగిలించాడు. రేడియేటర్‌ను నీళ్ళ తొట్టిలో ముంచి కొద్దికొద్దిగా గాలి పెట్టాడు. అవసరానికి మించి గాలి పెడితే బాగున్న కూలర్ కూడా పగులుతుందట. చిన్నప్పుడు సైకిలు షాపులో ట్యూబు ముంచి పంక్చరు వెతికినట్టే. కాసేపటికి రేడియేటర్ పైగొట్టం తగిలించే మూతిలోంచి సన్నగా బుడగలు వరస కట్టాయి.

గాలి పెట్టింది నూనె దారిలో. బుడగలు వచ్చింది నీళ్ళ దారిలోంచి. రెండు దారులూ లోపల కలిసిపోయాయనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అసలు జబ్బు రేడియేటర్‌ది. గేర్ బాక్సు దానివల్ల దెబ్బతిన్నది. చిల్లు వదిలేసి 1,60,000 పోసి గేర్ బాక్సు కొత్తది చేయించి ఉంటే, కొన్నాళ్ళలో దానికీ అదే గతి పట్టేది.

ఆ రేడియేటర్ ఎలాగూ పనికిరాదు కాబట్టి మేస్త్రి దాని ప్లాస్టిక్ తొట్టి అంచులు విప్పి లోపలున్న కూలర్‌ను బయటికి తీశాడు. దానిమీద గీజర్ కాయిల్‌కు పట్టినట్టు తెల్లటి ఉప్పు పెచ్చులు కట్టి ఉంది. అతుకు దగ్గర, ఉప్పు కింద, గుండుసూది మొనంత చిల్లు.

"కూలెంటు పోస్తా ఉండారా, నీళ్ళు పోస్తా ఉండారా?" అన్నాడు.

నేను జవాబు చెప్పలేదు.

నా డైరీ

నాకు ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచి ఒక అలవాటు ఉంది. బండికి పెట్రోలు పోసినా, గాలి పట్టినా తేదీ వేసి డైరీలో రాస్తాను. ఆ రాత్రి డైరీలు తీశాను. 2020 లాక్‌డౌన్ రోజుల్లో బాటిల్‌లో నీరు కాస్త తగ్గితే, దుకాణాలు లేవని మా ఇంటి బోరునీళ్ళు పోసినట్టు రాసి ఉంది. ఆ తర్వాత అదే అలవాటైంది. 2021లో అయిదుసార్లు. 2022 ఫిబ్రవరిలో అర లీటరు. మార్చిలో ముప్పావు లీటరు. ఏప్రిల్‌లో రెండుసార్లు కలిపి లీటరున్నర. అన్నీ నా చేతిరాతే. తిరుపతి బయలుదేరే రోజు పొద్దున కూడా "బాటిల్ నింపాను" అని ఉంది. కూలెంటు మార్పించినట్టు ఒక్కచోట కూడా లేదు.

మా వీధి బోరునీళ్ళు ఎంత ఉప్పో నాకు తెలియనిది కాదు. బకెట్ల అంచున తెల్లచారలు, కొళాయి నోళ్ళు మూసుకుపోవడం, మూడేళ్ళకోసారి గీజర్ కాయిల్ మార్చడం, అన్నీ నేను చూస్తున్నవే. అయినా కారులో పోసేటప్పుడు "నీళ్ళే కదా" అనుకున్నాను.

కూలెంటు అంటే రంగునీళ్ళు కాదు. అందులో గ్లైకాల్‌తో పాటు తుప్పు పట్టనివ్వని మందులుంటాయి. వాటికీ ఒక గడువు ఉంది. పాత రకానికి సుమారు రెండేళ్ళు, ఎక్కువకాలం ఆగే రకాలకు అయిదేళ్ళ వరకు. గడువు దాటినా, నీళ్ళు పోసి పలచన చేసినా ఆ రక్షణ పోతుంది. పైగా ఉప్పునీరు తెచ్చే ఉప్పు లోహాన్ని ఒకేచోట గుచ్చి గుచ్చి తింటుంది. ప్రతిసారీ తగ్గిన నీళ్ళు నింపి, నేను జబ్బును కనిపించకుండా కప్పిపెట్టాను. ఫిబ్రవరిలోనే "ఎందుకు తగ్గుతోంది?" అని అడిగి ఉంటే రేడియేటర్ ఒక్కదానితో పోయేది.

పొద్దున కాఫీ తాగుతూ అబ్బాయికి డైరీ చూపించాను. "ఇదంతా నేను పోసిన నీళ్ళవల్లరా. కారు మంచిదే" అన్నాను.

వాడు డైరీ వైపు చూడలేదు. "తెలుసు నాన్నా. పలమనేరులో లారీ ఎక్కించేటప్పుడు వెనక డిక్కీలో నీళ్ళ క్యాను చూశాను" అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"అప్పటికే మీరు ఎండలో చాలాసేపు నిలబడి ఉన్నారు. మోకాలు నొప్పి పెడుతున్నట్టుంది."

మా ఆవిడ లోపలికి వెళ్ళి రెండో కాఫీ తెచ్చి ఇద్దరిముందూ పెట్టింది. ఆ విషయం మీద మా ఇంట్లో మళ్ళీ మాట రాలేదు.

మరమ్మతు ఎలా చేశారు

రేడియేటర్ కొత్తది కొన్నాం. దాని లోపలా కూలర్ ఉంటుంది. మేస్త్రి సలహామీద దాన్ని వాడకుండా రెండు మూతులూ మూసేసి, గాలితో చల్లబడే విడి కూలర్ ఒకటి ఏసీ కండెన్సర్ ముందు బిగించాం. దానికి వేసే గొట్టాలు నూనె కోసం తయారైనవే కావాలి, నీళ్ళ గొట్టం కొన్నాళ్ళకే ఉబ్బి పగులుతుంది. ఇక మా కారులో నూనె దారి వేరు, నీళ్ళ దారి వేరు. మంచు పడే దేశాల్లో రేడియేటర్ లోపలి కూలర్ చలిలో నూనెను త్వరగా వెచ్చబరుస్తుంది కాబట్టి దాన్ని ఉంచుకుంటారు. బెంగళూరు చలికి ఆ అవసరం లేదని ఇద్దరు మెకానిక్కులు చెప్పాక ఒప్పుకున్నాం.

తర్వాత గేర్ బాక్సు అడుగున ఉండే పళ్ళెం విప్పించాం. ఇక్కడే మా గుండెలు కొట్టుకున్నాయి. పళ్ళెంలో కాగితపు పేళ్ళు కనిపిస్తే ఆశ వదులుకోవాలి. అయస్కాంతాలకు బూడిదరంగు ముద్ద అంటి ఉంది, అడుగున కొంచెం నల్లటి మడ్డి ఉంది, పేళ్ళు మాత్రం లేవు. "కడిగి చూద్దాం" అన్నాడు గేర్ బాక్సు మెకానిక్. ఫిల్టరు కొత్తది వేశాడు.

కడగడంలో ఒక లెక్క ఉంది. మా గేర్ బాక్సులో మొత్తం 8 లీటర్ల నూనె పడుతుంది. కింది బిరడా విప్పితే వచ్చేది సుమారు మూడున్నర లీటర్లే. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, గొట్టాల్లో ఉండిపోతుంది. ఒకసారి మార్చితే పాత నూనె ఇంకా 56 శాతం ఉంటుంది. రెండోసారికి 32, మూడోసారికి 18, నాలుగోసారికి 10, అయిదోసారికి 6 శాతం దాకా దిగుతుంది. "ఆయిల్ మార్చేశాం సార్" అని ఒక్కసారి మార్చి పంపితే సగానికి పైగా రోజ్ మిల్క్ లోపలే ఉన్నట్టు లెక్క. మేం అయిదుసార్లు మార్పించాం. ప్రతిసారీ బండి స్టార్టు చేసి, గేర్లన్నీ వేసి, కొత్త పాత నూనెలు కలిసేలా తిప్పి మళ్ళీ దింపారు. పదిహేడున్నర లీటర్లు అయింది. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ రకం నూనె రాసి ఉందో సరిగ్గా అదే పోయించాం. ఆటోమేటిక్ నూనెలన్నీ ఒకటి కావు.

ఇంజను వైపు నీళ్ళదారి కడగడం ఇంకా పెద్ద పని అయింది. జిడ్డు అంత సులభంగా వదలదు. థర్మోస్టాటు తీసేసి, గిన్నెలు కడిగే మిషన్‌లో వాడే నురగరాని పొడి కలిపిన వేడినీళ్ళు పోసి, కాసేపు ఇంజను తిప్పి, దింపి, మంచినీళ్ళతో నాలుగైదుసార్లు జాలించారు. ఆ పొడి అల్యూమినియాన్ని తింటుంది కాబట్టి ఎక్కువసేపు ఉంచకూడదు. నూనె తగిలి మెత్తబడి ఉబ్బిన రబ్బరు గొట్టాలు మార్చారు. చివరికి డిస్టిల్డ్ వాటరు, కూలెంటు సమపాళ్ళలో పోశారు.

దింపిన పాత కూలెంటు మోరీలో పోయనివ్వలేదు మా మేస్త్రి. అది రుచికి తియ్యగా ఉంటుంది, కానీ విషం. కుక్కలు నాకినా, పిల్లలు నోట పెట్టుకున్నా ప్రాణాలకే ముప్పు. మూతపెట్టిన క్యానులో పట్టి, పిల్లలకు అందకుండా ఉంచి, పాత నూనె తీసుకుపోయేవాళ్ళకు అప్పగించాలి.

అన్నీ కలిపి 52,000 అయింది. తక్కువేం కాదు. కానీ 1,60,000తో పోలిస్తే మేం గట్టెక్కినట్టే.

మీ కారు సంగతి

ఆటోమేటిక్ అన్న పేరున్న ప్రతి కారుకూ ఈ బెడద లేదు. చిన్న కార్లలో ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఏ.ఎం.టి. అనే రకం మామూలు గేర్ బాక్సే. క్లచ్చి, గేర్లు మిషను వేస్తుంది, అంతే. సాధారణంగా వాటికి ఇలాంటి కూలర్ ఉండదు. టార్క్ కన్వర్టర్ ఉన్నవాటికి, సి.వి.టి. అనే రకానికి కూలర్ ఉంటుంది. కొన్నిటిలో రేడియేటర్ లోపల, కొన్నిటిలో గేర్ బాక్సు మీదే చిన్న పెట్టెలా, కొన్నిటిలో విడిగా గాలికి. నూనె, నీళ్ళు పక్కపక్కన పారే చోటు ఉంటే ఈ జబ్బు రావచ్చు. మీ కారుది ఏ రకమో మెకానిక్‌ను అడిగి తెలుసుకోండి.

ఇక రకం ఏదైనా, పదిహేను రోజులకోసారి బండి చల్లగా ఉన్నప్పుడు బాటిల్ మట్టం చూడండి. తగ్గితే నింపండి గానీ, తేదీ, ఎంత పోశారో రాసి పెట్టండి. రెండోసారీ తగ్గితే నింపి ఊరుకోకండి. కింద తడి లేకపోతే ఇంకా తొందరగా చూపించండి. దారిలో గత్యంతరం లేక మామూలు నీళ్ళు పోయవలసి వస్తే పోయండి, ఇల్లు చేరగానే మొత్తం మార్పించండి. బరంపురంలో ఉన్నా, షోలాపూర్‌లో ఉన్నా, చెన్నైలో ఉన్నా మన వాళ్ళం ఏడాదికి రెండు మూడుసార్లు పిల్లాపాపలతో సొంతూళ్ళకు దూరప్రయాణాలు చేసేవాళ్ళం. ఘాటురోడ్డు మీద తెలియడం కంటే ఇంటిముందు తెలియడం మేలు.

2023 మేలో మళ్ళీ తిరుపతి వెళ్ళాం, అదే కారులో. తిరుగు ప్రయాణంలో మొగిలి ఘాటు దగ్గర పడుతుంటే ఎవరూ మాట్లాడలేదు. కారు పూర్తిగా మునుపటిలా లేదు. యాభై వేగం దగ్గర సన్నగా వణుకుతుంది. ఆ నీళ్ళు చేసిన గాయం అది, పోదు. ఇంకెన్నాళ్ళు నడుస్తుందో చెప్పలేనని మెకానిక్ ముందే చెప్పాడు. కానీ ఘాటు ఎక్కేసింది. పైన పలమనేరులో టీకి ఆగినప్పుడు నేను దిగి, అలవాటు కొద్దీ బానెట్ తెరవబోయాను.

"చల్లారనివ్వండి నాన్నా" అన్నాడు అబ్బాయి.

చల్లారాక ఇంటిదగ్గర చూశాను. మట్టం గీత దగ్గరే ఉంది. డైరీలో రాశాను.